వరహాలు కేబిన్ అద్దాలు

టాటానగర్ యార్డులో మేడమీది సిగ్నల్ కేబిన్ వరహాలు సొంత ఇల్లు కాదు గాని, ఆ మాట అతనితో అనే ధైర్యం ఎవరికీ లేదు. ఇరవై రెండేళ్ళుగా అక్కడ లీవర్లు లాగి రైళ్ళకు దారి ఇస్తున్నాడు. చుట్టూ అద్దాల కిటికీలు. బొగ్గుపొడి రాకుండా వాటిని ఎప్పుడూ బిగించే ఉంచి, రోజూ తుడిచేవాడు. శుభ్రమైన కేబిన్‌కిచ్చే షీల్డు ఏటేటా బాగ్‌బేరా క్వార్టర్లో అతని గోడకే వేలాడేది.

ఎనభై ఆరులో అతని తొడలు మొరాయించాయి. లీవరు లాగితే నడుం కలుక్కుమనేది. కింద కూర్చుంటే భార్య దాలమ్మ చెయ్యి అందిస్తే గాని లేవలేడు. మరో ఏడు నెలల్లో రైల్వే వైద్యపరీక్ష ఉంది. గొంతుక్కూర్చుని, ఏదీ పట్టుకోకుండా లేవాలి. లేవలేకపోతే కేబిన్ నుంచి దించి ఏ పార్సెల్ ఆఫీసులోనో పడేస్తారు. ఆ ఊహకే వరహాలుకు అన్నం సయించేది కాదు.

దాలమ్మ అతన్ని సోనారిలో డాక్టర్ సత్యభామ దగ్గరికి ఈడ్చుకెళ్ళింది. ఆవిడ రక్తం తీసి కలకత్తా పంపించింది. నెలకు కాగితం వచ్చింది.

"డి విటమిన్ ఇరవైకి పైన ఉండాలి. మీకు ఆరే ఉంది. ఒంటికి ఎండ తగలక ఎముకలు, కండలు నీరసించాయి."

వరహాలుకు ఒళ్ళు మండింది. "ఎండ తగల్లేదేటమ్మా? డూటీ ఉన్నంతసేపూ మొకం మీదే పడతాది. యార్డులో నాకంటే ఎండ కాసుకున్నోడు ఎవుడున్నాడు?"

డాక్టరు మందు రాసి, రోజూ కాసేపు కాళ్ళూ చేతులూ ఎండలో పెట్టమంది. మందులు రోగిష్టివాళ్ళకని వరహాలు సీసాను దేవుడి గూట్లో దాచేశాడు. ఎండ మాత్రం శ్రద్ధగా పుచ్చుకున్నాడు. బనీను విప్పి, సూర్యుడు ఎటు తిరిగితే అటు స్టూలు జరుపుకునేవాడు. చెమటలు కారుతుంటే ఎండ ఎముకల్లోకి దిగుతోందని మురిసిపోయాడు.

మూడు నెలల తర్వాత చూస్తే ఆరు కాస్తా ఏడయింది.

"ఎక్కడ కూర్చుంటున్నారు?" అంది డాక్టరు.

"కేబిన్లోనేనమ్మా. బనీను కూడా ఇప్పేసి."

"కిటికీలు?"

"మూసే ఉంటాయి. తీత్తే బొగ్గుపొడి వచ్చేయదేటి? అద్దం ఉందో లేదో తెలీనంత బాగా తుడిసేత్తాను."

డాక్టరు తల పట్టుకుంది. అద్దం వెలుగునూ వేడినీ రానిస్తుందట గాని, ఒంట్లో డి తయారుచేసే కిరణాన్ని ఆపేస్తుందట.

"మీరెంత తుడిచినా అది లోపలికి రాదండీ."

ప్రాణంగా చూసుకున్న అద్దాలే తనను కేబిన్ నుంచి దించబోతున్నాయని తెలిసి వరహాలుకు ఏడుపొచ్చినంత పనయింది. దాలమ్మ మాత్రం, "ముందు ఇంటికొచ్చి ఆ సీసా తియ్యి. కిటికీలు రేపు తీద్దువుగాని" అంది.

మర్నాడు కిటికీలన్నీ బార్లా తెరిచాడు. షంటింగ్ ఇంజను వచ్చి అతని మొహం నిండా మసి కొట్టి పోయింది. రిజిస్టరు మీదా, చాయ్‌లోనూ పొడే. వరహాలు పళ్ళు బిగబట్టి భరించాడు. మందు దాలమ్మే దగ్గరుండి తాగించింది.

వైద్యపరీక్ష రోజున గొంతుక్కూర్చున్నాడు. లేచాడు. ఎవరూ అడక్కుండానే మళ్ళీ కూర్చుని లేచాడు. చాలు వెళ్ళమన్నా వినకుండా మూడోసారి కూడా చేసి చూపించాడు.

ఆ ఏడు షీల్డు పక్క కేబిన్లో పనిచేసే దేముడు అనేవాడికి పోయింది. ఖాళీ అయిన మేకుకు వరహాలు డి ఇరవై ఆరుకు పెరిగిన కొత్త రక్తపరీక్ష కాగితాన్ని పటం కట్టించి తగిలించాడు. తగిలించే ముందు పటానికున్న అద్దం ఊడదీశాడు.