తెర మీద ఆకుపచ్చ అంచు

మొన్న మా మేనకోడలు తను తయారుచేసిన వెబ్ ఫారం చూపించింది. గడిలో రంగు మారిస్తే లోపల దాచిన వివరంలోనూ అదే మారుతోంది, అక్కడ మారిస్తే గడిలోనూ మారుతోంది. అందుకు తను కోడ్‌లో రాసింది ఒక్క మాట. ఇందులో వింతేముంది అత్తా అన్నట్టు చూసింది గానీ, నాకు పామర్రు బస్సు గుర్తొచ్చింది.

మన తరంలో ఈ పని చేసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. దాచిన వివరాన్ని గడిలోకి తేవడానికి ఒక వరుస కోడ్, గడిలో దిద్దినదాన్ని తిరిగి దాచడానికి ఇంకో వరుస, ప్రతి గడికీ చేత్తో రాసుకునేవాళ్ళం. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, బెజవాడలో మా బాబాయి చీరల దుకాణానికి ఆర్డర్ల ఫారం అలాగే రాశాను. అంతకుముందు ఆర్డరు చీటీకి రంగు పోగు ముడేసి, పామర్రు అవతల మగ్గం నేసే మా పెదనాన్నకు పంపేవారు. ఆయన తాను అద్దిన పోగు పక్కనే కట్టి తిప్పి పంపేవాడు. బాబాయి సరేనన్నాకే నేత. ఈ చాదస్తం ఎందుకు, తెర మీద ఉన్నదే చీటీలో అచ్చవుతుందని చెప్పి మాన్పించిన మహాతల్లిని నేనే.

ఒక పెళ్ళికూతురి తల్లి ఎర్ర అంచు వద్దు, ఆకుపచ్చ కావాలంది. బాబాయి మార్చాడు, తెర మీద ఆకుపచ్చే కనిపించింది. చీర మాత్రం ఎర్ర అంచుతో వచ్చింది. అన్నగారికి చూపు తగ్గింది, ఇక పట్టు ఇవ్వకూడదని బాబాయి తేల్చేశాడు. చీటీ ఎక్కడో పోయింది. ఆ సన్నక్షరాలు తానే తప్పు చదివుంటానని నమ్మి, ఒక్క అంచూ తప్పని పెదనాన్న మగ్గం మీద కూర్చోవడమే మానేశాడు.

మళ్ళీ నేయించడానికి కొత్త చీటీ తీద్దామని ఆర్డరు తెరిస్తే, లోపల ఎరుపనే ఉంది. అంచు గడిలో దిద్దినదాన్ని దాచే ఆ రెండో వరుస రాయడం మరిచిపోయాను, చీటీలో పాత ఎరుపే అచ్చయింది. బాబాయికి చెప్పి, అప్పటికప్పుడు బస్సెక్కాను. పెదనాన్న కోప్పడతాడనుకున్నాను. ఆయన అంతా విని, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "అయితే నా కళ్ళు బాగానే ఉన్నాయన్నమాటే అమ్మాయ్!" అన్నాడు. నేను ఏడ్చేశాను. ఆయన లోపలికెళ్ళి ఆకుపచ్చ పోగొకటి తెచ్చి, కాగితానికి ముడేసి, ఇదేనా అని మీ బాబాయిని అడిగి రమ్మన్నాడు.

చీర పెళ్ళికి అందింది. ఫారం కూడా సరిచేశాను గానీ, పోగుల చీటీలు ఆయన నేసినన్నాళ్ళూ సాగాయి.

మా మేనకోడలికి రెండో వరుస మరిచిపోయే బెంగే లేదు, ఎంత హాయో! కానీ గడిలో ఆకుపచ్చ అని కొట్టగానే అంతటా ఆకుపచ్చ అయిపోతుంటే, ఏ ఆకుపచ్చ అని అడగాలని ఎవరికీ తోచదు. పెదనాన్న ఉంటే అడిగేవాడు.