గుట్ట మీద దొరికిన ఆనపబుర్ర

దెయ్యాల మాటెత్తితే నాకు విసుగు. అరకు లోయలో ఏళ్ల తరబడి జీపు నడిపాను. వేళ కాని వేళల్లో ఘాట్ రోడ్డు దిగాను. బ్రేకులు ఫెయిలవుతాయని భయపడ్డాను గానీ దెయ్యం ఎదురొస్తుందని ఎప్పుడూ భయపడలేదు. అలాంటివాణ్ని ఇది చెబుతున్నానంటే, ఇంక లోపల పెట్టుకుని మోయలేకే.

విదేశాల నుంచి వచ్చేవాళ్లకి అప్పట్లో డ్రైవర్నీ నేనే, గైడునీ నేనే. జీపెక్కగానే జాగ్రత్తలు చెప్పేవాణ్ని. సీలున్న బాటిల్ నీళ్లే తాగండి. దోమతెర లేకుండా పడుకోకండి, ఇక్కడ మలేరియా ఎక్కువ. సంతకి పొద్దున్నే వెళ్లండి, మధ్యాహ్నమైతే జీలుగు కల్లు తాగినవాళ్లు పట్టుకుని వదలరు. అడక్కుండా ఎవరి ఫొటో తీయకండి. ఊరి బయట పడి ఉన్న వస్తువు దేన్నీ ముట్టుకోకండి. చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టేది. వాళ్లు నవ్వుతూ తలూపేవాళ్లు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

ఆ చివరి మాటకి కారణం ఉంది. ఇక్కడ కొన్ని ఊళ్లలో మనిషి పోతే, వాడుకున్న గొడుగు, బుట్ట, గిన్నె దహనం చేసిన చోటే వదిలేస్తారు. కొత్తగా వచ్చినవాళ్లు అవి ఎవరికీ అక్కర్లేనివి అనుకుని సంచిలో వేసుకుంటారు.

రెండు వేల సంవత్సరం దాటాక, ఓ దసరా ముందు, జర్మనీ నుంచి మార్తా అని ఒకావిడ ఒంటరిగా వచ్చింది. యాభై దాటిన టీచరు. ముంచింగిపుట్టు సంత చూపించి తిరిగొస్తుంటే టైరు పంక్చరయింది. నేను స్టెప్నీ మారుస్తుంటే ఆవిడ కెమెరా పట్టుకుని పక్కనున్న గుట్ట ఎక్కింది. కాసేపటికి దిగొచ్చి జీపెక్కింది.

మర్నాడు పొద్దున లాడ్జికి వెళ్లేసరికి ఆవిడ గదినిండా ఖాళీ సీసాలు. తెల్లవారుజాము నుంచి ఒకటే దాహమట. ఎంత తాగినా నాలుక పిడచగట్టుకుపోతోందంది. కళ్లు మూసుకుంటే ఎవరో మోసుకెళుతున్నట్టు మంచం ఊగుతోందంది.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. జ్వరం లేదు, షుగర్ లేదు, విరేచనాలు లేవు. ఆయన ఓ పొడి ప్యాకెట్టు ఇచ్చి నీళ్లలో కలుపుకోమన్నారు. బయటికి రాగానే ఆవిడ కుళాయి కింద దోసిలి పట్టింది. సీలు లేని నీళ్లు ముట్టని మనిషి! నాకు నిజంగా భయమేసింది. పరాయి దేశం నుంచి నన్ను నమ్మి వచ్చిన మనిషి. ఏమన్నా అయితే ఎవరికి కబురు చెయ్యాలో కూడా తెలియదు.

పొడి కలపడానికి గ్లాసు కోసం ఆవిడ సంచి తెరిచాను. అందులో ఆనపబుర్ర ఉంది. ఆనపకాయని ఎండబెట్టి, లోపల తొలిచి, పొలానికి నీళ్లు పట్టుకెళ్లడానికి వాడతారు. ఎక్కడిదని అడిగితే నిన్న గుట్ట మీద దొరికిందంది. అందంగా ఉందని తెచ్చుకుందట. కోప్పడే ఓపిక కూడా లేకపోయింది నాకు.

నమ్మకంతో కాదు, మరో దారి తోచకే జీపు మళ్లీ అటు తిప్పాను. దారిలో కనబడ్డ ప్రతి వాగు, ప్రతి గెడ్డ దగ్గరా ఆపమంది. ఆపిన ప్రతిచోటా వంగి తాగింది.

గుట్ట మీద బూడిద ఇంకా చెదరలేదు. బుర్ర నిండా నీళ్లు పోసి ఆ పక్కనే నిలబెట్టాను. మార్తా ఒక రాయి మీద కూర్చుంది. నేను తిరిగి చూసేసరికి చేతిలో సగం నిండిన సీసాకి మూత పెట్టేస్తోంది. దాహం పోయిందంది.

మమ్మల్ని చూసి కింద చోడిచేలో ఉన్న ఒక రైతు పైకి వచ్చాడు. బుర్ర తన గుంటదన్నాడు, అంటే కూతురిది. తిడతాడేమోనని, ఆవిడ దాహం సంగతి ముందే చెప్పేశాను. ఆయన తిట్టలేదు.

"కడుపునొప్పని డోలీ కట్టి మోసుకెల్లినాం బాబూ. ఆపరేషన్ సేత్తారేమో, నీలు పట్టొద్దని ఎవులో అన్నారు. దారంతా 'అయ్యా, నీలు' అని అడుగుతానే ఉంది. నేనియ్యనేదు. రోడ్డెక్కకముందే పోయింది."

మంచం ఊగిన సంగతి నేనాయనకి చెప్పనే లేదు.

ఆయన మార్తాని చాలాసేపు చూశాడు. తర్వాత నా వైపు తిరిగి, గొంతు తగ్గించి అడిగాడు.

"మరైతే నా గుంట తాగినట్టేనా బాబూ? కడుపునిండా తాగిందా?"

"తాగింది" అన్నాను.

ఆయన తలగుడ్డ మొహానికి అడ్డం పెట్టుకుని అక్కడే కూలబడ్డాడు. మార్తాకి మా మాటలు ఒక్కటీ అర్థం కాలేదు. అయినా వెళ్లి ఆయన పక్కన కూర్చుంది.

ఆ తర్వాత నాకు తెలిసిన డాక్టర్లని అడిగాను. ఒంట్లో ఉప్పు తగ్గి ఉంటుందన్నారొకరు. మనసు భ్రమ అన్నారు ఇంకొకరు. కావచ్చు. ఆ ఊగడం ఏమిటంటే మాత్రం ఎవరూ చెప్పలేకపోయారు, నాకూ తెలియదు. దెయ్యాలున్నాయని ఇప్పటికీ అనను. కానీ ఆ తండ్రితో నేనన్న ఒక్క మాట అబద్ధమని ఏనాడూ అనిపించలేదు.