బూడిద తట్ట

నా భార్య మొన్న శుక్రవారం ఉదయం పోయింది. ఆదివారం బడిలో ఆమె దగ్గర పాటలు నేర్చుకున్నవారు ఈ పత్రిక చదువరుల్లో చాలామంది ఉన్నారు. వారికి ఈ కబురు తెలపవలసినవాణ్ణి నేనే. జబ్బు క్షయ. చివరి నెలలు వెనక గదిలో గడిపింది.

ఆ గదికి ఒక తలుపు, ఒక కిటికీ. తలుపు మూసి ఉంచమని, ఎవరూ ముట్టుకోవద్దని డాక్టరు చెప్పారు. గిన్నె వేరు, చెంబు వేరు. కిటికీ ఊచల్లోంచి ఆమెకు కనిపించే లోకం మా వసారా, నీళ్ళ కడవలు పెట్టే ఇసుక అరుగు, అవతల బావి పక్కన టమేటా మడి. మిషన్ బంగళా దొరసాని ఇచ్చిన విత్తనంతో ఆమె వేసిన మడి అది. మా పత్తికొండ వైపు అప్పటికి ఆ కాయను నోట పెట్టనివారే ఎక్కువ. నెత్తురు రంగని మా అమ్మ కూడా మొదట మొగం తిప్పుకునేది. తర్వాత పప్పులో అది లేకపోతే గిన్నె పక్కకు జరిపేది.

మా అమ్మాయి కడపలో అత్తగారింట ఉంది. తొలిచూలు. కాన్పుకు పుట్టింటికి రావాలి. ఈ ఇంటికి రాకూడదు. ఆ సంగతి నేను చెప్పలేదు, నా భార్య అడగలేదు. వేవిళ్ళతో ఏదీ నోటికి పోవడం లేదని, అమ్మ మడిలో టమేటాలయితే తింటానని అమ్మాయి కబురు పెట్టింది. అప్పటినుంచి ఇంట్లో ఒకటే తపన, పండు చెడకుండా కడప చేరాలి. డోన్‌దాకా ఎద్దుల బండి, అక్కడ రైలు, మళ్ళీ దారిలో మారాలి. అటు పోయే నమ్మకమైన మనిషి దొరికేదాకా కాయలు నిలవాలి. ఎండలు ముదిరాయి. మడి వాడిపోతోంది.

మొదటి కోత మా అమ్మ చేతిలో పోయింది. ఆమెకు నిలవ చేయడమంటే పాతరే. వాకిట్లో తవ్విన ఆ గుంతలో జొన్నలు పోసి, బండ మూసి, మట్టి మెత్తితే ఏండ్ల తరబడి చెడవు. టమేటాలనూ గంపతో దించి అట్లాగే మూసింది. తెరిచిన రోజు వాసనకు ఇరుగుపొరుగు వచ్చి చూశారు. అమ్మ వసారాలో కూలబడి, "జొన్నలు ఏండ్లకేండ్లు ఉంటాయి, ఈ సిగ్గులేని కాయలు పదినాళ్ళు ఉండలేకపాయ" అంది.

కిటికీ లోపల నా భార్య నవ్వింది. నవ్వితే దగ్గు వచ్చేది. అది తగ్గాక అంది:

"జొన్నలు నిద్రపోతాండాయి అత్తా. ఇవి ఊపిరి తీసుకొంటాండాయి. ఊపిరి తీసుకొనేదాన్ని మూసిపెడితే ఏమయితాది?"

అమ్మ మూసి ఉన్న తలుపు వైపు చూసింది. కొంగుతో మొగం తుడుచుకుని లోపలికి పోయింది.

రెండో కోత నా భార్య చెప్పినట్టు సాగింది. ఎర్రబడేదాకా ఆగక, అడుగున రంగు తిరగగానే ఎండ ఎక్కకముందే కోయమంది. కడగవద్దంది, పొడి గుడ్డతో తుడవమంది. దెబ్బ తగిలినవి ఆ పూటే పప్పులోకి పోవాలి. పొయ్యి బూడిద చల్లార్చి, జల్లెడ పట్టి, వెడల్పు తట్టలో పరిచాము. కాయలను తొడిమ వైపు కిందకు ఉండేట్టు పేర్చి, తట్టను కడవల పక్కన చల్లని నీడలో పెట్టాము. ఆమె ఊచల్లోంచి కందికట్టె చాపి చూపించేది.

"ఆ రెండూ తగులుతాండాయి. ఎడం చేయండి. ఒకటి చెడితే పక్కదాన్ని కూడా తీసుకొని పోతాది."

పొద్దున్నే నేను కాయలు జరపడం, ఆమె చూడడం. మేమిద్దరం కలిసి చేసే పని అదొక్కటే మిగిలింది. అందుకు ఇప్పటికీ కృతజ్ఞుణ్ణి. "ఈ కాయలు ఆగమంటే ఆగవు, నిదానించమంటే నిదానిస్తాయి. మన చేతిలో అంతే ఉండాది" అనేది. ఒకనాడు దగ్గు ఎంతకీ ఆగకపోతే నేను తలుపు తీసి గడప దాటబోయాను. కందికట్టె అడ్డం పెట్టింది. దగ్గుతూనే ఉంది. కట్టె మాత్రం దించలేదు.

చివరకు బట్టల వ్యాపారం చేసే సాయిబు సరుకు కోసం కడప పోతున్నాడని తెలిసింది. గంపలో బూడిద, దాని మీద కాయలు, మళ్ళీ బూడిద. తిరిగి వచ్చిన రోజు ఆయన నేరుగా మా వసారాకు వచ్చి, కిటికీకి వినబడేట్టు చెప్పాడు.

"గంప ఒళ్ళోనే పెట్టుకొంటి అయివారూ. పక్కాయన లోపల ఏముండాదని అడిగె. మనమరాలు నిద్రపోతాండాది, కదపాకప్పా అంటి. ఒక్కటి చెడలేదు. మీ పాప ఒకటి తీసుకొని, బూడిద కొంగుకు తుడిచి, నిలబడే తినె."

నా భార్య ఆ చివరి మాట మళ్ళీ చెప్పించుకుంది. ఆ తర్వాత కందికట్టెను ఊచలకు ఆనించి పడుకుంది. మళ్ళీ దాన్ని తీసుకోలేదు.

అమ్మాయి కడసారి చూపుకు రాలేదు. రావద్దని నేనే కబురు పెట్టాను.

తట్ట ఇంకా ఇసుక అరుగు మీదే ఉంది. చివరి కాయలు కొన్ని నిదానంగా పండుతున్నాయి. అమ్మ వాటి జోలికి పోదు, నేను తినలేను. ఈ ఉదయం చూస్తే, ఎలుక కదిపిందో ఏమో, రెండు పండ్లు దొర్లి ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. అలవాటుగా చెయ్యి పోయింది. కిటికీ వైపు చూశాను. కట్టె ఊచలకు ఆనించినట్టే ఉంది.

వాటిని ఎడం చేయలేదు.