వెంట వచ్చినవాడు

నిన్న సాయంత్రం నాలుగూ పదికి పక్కింటి అమ్మాయి నా దగ్గర తీసుకెళ్లిన నవల తిరిగి ఇచ్చింది. జనగామలో నన్ను పుస్తకాలు అడిగేది ఇప్పుడు ఆమె ఒక్కతే. "ఎంత పిచ్చి ప్రేమ తాతా! గా పిల్ల పొమ్మన్నా వాడు పోలె," అంది. నేను పుస్తకం అలమారలో పెట్టాను. పోయిన మాఘంలో చనిపోయిన మా మేనత్త ఉంటే ఆ మాటకు ఊరుకునేది కాదు.

ఆమెకు చదువు రాదు. సెలవులకు రఘునాథపల్లి దగ్గరి మా ఊరికి వెళ్లినప్పుడల్లా నాతో నవలలు చదివించుకునేది. చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ వినేది. యుద్ధంలో కథానాయకుడు నాలుగు పేజీల పొడుగునా చనిపోతుంటే, "వాడు సస్తున్నడా, ఉపన్యాసమిస్తున్నడా?" అనేది. ప్రేమికుడు వానలో పిల్ల కిటికీ కింద నిలబడితే మాత్రం నవ్వేది కాదు. "గా పేజీ తిప్పు అల్లుడా," అనేది. నెత్తురున్న పేజీని ఎప్పుడూ తిప్పమనలేదు. ఎందుకని అడిగితే ఒకసారి చెప్పింది.

తెలంగాణ సాయుధ పోరాటం నాడు ఆమె పెద్దన్న దళంలో ఉండేవాడు. ఊరి బయట జొన్నచేలో దాక్కున్న అతనికి ఈమె గంపలో సద్దిమూట పెట్టి, పైన పేడ కప్పి తీసుకుపోయేది. వెనక మనిషి కనబడితే గంప దించి, అతను వెళ్లిపోయేదాకా పిడకలు చెయ్యాలి. అది దళం పెట్టిన నియమం. ఊళ్లో ఒక పిల్లగాడికి ఈమె మీద మనసు. ఎటు పోతే అటు వచ్చేవాడు. అతని వల్ల ఒకరోజు అన్నకు తిండి అందలేదు. మరునాడూ వచ్చాడు. ఈమె గంప దించింది, పిడకలు చేసింది, తిట్టింది. చివరికి "నీ కాళ్లు మొక్కుత, పోరా," అంది. సరేనని మలుపు తిరిగాడు. కానీ పోలేదు. తుమ్మల చాటున ఆగి, ఈమె కదిలాక మళ్లీ వెంట వచ్చాడు.

"వాడు చెడ్డోడు కాదురా. ఊళ్లె క్యాంపు పెట్టిన పోలీసులకు ఒక్క మాట చెప్పలె. నా ఎనుక వాడొచ్చిండు, వాని ఎనుక వాళ్లొచ్చిండ్రు. రెండు తుపాకులు పేలినయ్. అన్న ఇంకా మూట ఇప్పనేలేదు."

"మరి వాడు?"

"ముసలోడై సచ్చిండు. నన్ను చూస్తే గోడ చాటుకు పోయెటోడు."

నేను చదివిన నవలల్లో హత్యకు శిక్ష ఉంటుంది, కనీసం సంజాయిషీ ఉంటుంది. వెంటపడటానికి పెళ్లి ఉంటుంది. పొమ్మంటే పోనివాడి పట్టుదలను మెచ్చుకునే రచయిత, ఆ పిల్ల ఎక్కడికి పోతోందో ఒక్కసారీ అడగడు.

ఏటా చనిపోయినవాళ్లకు పెట్టుకునే పెత్తరమాస నాడు మేనత్త జొన్నగట్క వండి, మూటగట్టి ఆ చేను గట్టు మీద పెట్టి, మూట ముడి తనే విప్పి వచ్చేది. ఇప్పుడు అక్కడ ఎవరూ పెట్టడం లేదు.