చిన్న కేసు

కంప్యూటర్ డబ్బా ఎంచుకోబోయి అమ్మ చేను పోగొట్టుకున్నదాన్ని నేను. సరిగ్గా చెప్పాలంటే చేను ఎప్పుడో పోయింది, పోయిందన్న సంగతి డబ్బా వల్ల తెలిసింది. ఇప్పటికీ పని మధ్యలో చెయ్యి ఆగిపోతుంది. ఇదంతా నిజమేనా, మా నాయినేనా అని నన్ను నేనే అడుగుతుంటాను.

వికారాబాద్‌లో మేముండేది రెండు గదుల అద్దె ఇల్లు. ఒక గదిలో మంచం, బీరువా, నా బల్ల. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసి ఇవ్వడం నా పని. పాత కంప్యూటర్ ఎండాకాలంలో మాటిమాటికీ ఆగిపోతుంటే, విసుగొచ్చి, సామాను తెప్పించి కొత్తది నేనే బిగించుకుందామని కూర్చున్నాను. మిగతావన్నీ తేలిపోయాయి. అవన్నీ పెట్టుకునే డబ్బా ఒక్కటే తేలలేదు. బీరువాకీ కిటికీకీ మధ్య బల్ల మీద ఉన్న కాస్త చోటులోనే అది కూర్చోవాలి. చిన్న డబ్బాలు చూడముచ్చటగా ఉంటాయి కానీ, ఒకదాంట్లో గ్రాఫిక్స్ కార్డు పట్టదు, ఇంకోదాంట్లో ఫ్యాన్ మూతకు తగులుతుంది. అన్నీ పట్టినదాంట్లో గాలి ఆడదు, మా ఊరి ఎండలకు అది కుంపటే. నచ్చినవాటి కొలతలకు అట్టపెట్టెలు కోసి, నమూనాలు చేసి, బల్ల మీద పెట్టి అటు తిప్పి ఇటు తిప్పి చూసేదాన్ని.

"పిల్లను చూడవోయినప్పుడు నేను గూడ నిన్ను గింత చూడలే" అని మా ఆయన ఏడిపించేవాడు.

ఆ డబ్బాను దుకాణాల్లో క్యాబినెట్ అంటారు. మామూలు జనం సీపీయూ అంటారు. నేను వీడియోలు చూసి చూసి కేస్ అనడం మరిగాను. ఆ సోకు నా కొంప ముంచిందో నిలబెట్టిందో మీరే చెప్పాలి.

మా నాయిన తాండూరులో అన్న దగ్గర ఉంటాడు. అన్నకు అక్కడ బండలు పాలిష్ పట్టే యూనిట్ ఉంది. అమ్మ లేదు. మర్పల్లి దగ్గర రెండెకరాల చేను అమ్మకు పుట్టింటివాళ్లు పసుపు కుంకుమల కింద ఇచ్చారు. ఆడపిల్లకు వచ్చింది ఆడపిల్లకే పోవాలని అమ్మ నలుగురిలో అనేది. ఆమె పోయాక పేరు మార్పిడి చేయించి చేను నా పేరు మీద పెడతానని నాయిన రిజిస్ట్రేషన్ ఆఫీసుకు తీసుకెళితే సంతకం పెట్టి వచ్చాను. నాయిన పెట్టమన్నాక చదివేదేముంది? సాగు తనూ అన్నా చూసుకుంటామన్నాడు, సరేనన్నాను. ఏటా ఒక సంచి కందిపప్పు వచ్చేది, అమ్మ చేను పప్పు అని. పక్కింటావిడకు గిన్నెడు ఇచ్చి గొప్పలు పోయేదాన్ని.

ఒక ఆదివారం యూనిట్ నుంచే నాయిన ఫోన్ చేశాడు. వెనక రాతి మిషన్ల మోత.

"ఏం చేస్తున్నవ్ బిడ్డా?"

"కేసు పనిల ఉన్న నాయినా. మస్తు తిప్పలైతున్నది."

"ఏం కేసు?"

"చిన్నదే. పెద్దది నాకెందుకు? నాకున్న జాగ టేపు పెట్టి కొలుచుకున్న. దాన్ని బట్టే చూస్తున్న."

"జాగ కొలిచినవా?"

"కొలవకుంటె ఎట్ల? జర అటిటైనా నష్టపోయేది నేనే గద. హైదరాబాదుల ఒకాయనతోని మాట్లాడిన, అన్ని తెలిసినోడు. తాండూరుల గూడ ఒకాయన ఉన్నడట, వచ్చి కలుస్త."

"అల్లునికి ఎరుకేనా?"

"ఆయనే, ఇంక నాన్చకు, తొందరగ కానియ్యి అంటున్నడు."

నాయిన ఉన్నట్టుండి ఫోన్ పెట్టేశాడు. ఎవరో లోడు కోసం వచ్చి ఉంటారనుకుని నా అట్టల దగ్గరికి వెళ్లిపోయాను.

మర్నాడు పొద్దున తలుపు తీస్తే నాయిన. చెప్పకుండా ఎప్పుడూ రాడు, వస్తే అన్న కారులో వస్తాడు, చేతిలో ఏదో ఒకటి తెస్తాడు. ఆ రోజు వట్టి చేతులతో, మొదటి బస్సుకు వచ్చాడు. చొక్కా మీద నిన్నటి రాతిపొడి అలాగే ఉంది. మంచినీళ్లిస్తే ముట్టుకోలేదు.

"కేసు వాపస్ తీస్కో బిడ్డా. నీ కాళ్లు మొక్కుత" అన్నాడు.

నాయిన నోటి నుంచి అలాంటి మాట నేనెన్నడూ వినలేదు. ఎండదెబ్బ తగిలిందేమోనని భయమేసింది.

"వాపస్ ఏంది నాయినా, నేనింక తీసుకోనే లేదు" అన్నాను.

"అంటే వకీలును ఇంక పెట్టుకోలేదా? మంచిగైంది. పెట్టుకోకు. జర నా మాట ఇను. మీ అన్నది తప్పు లేదు, ఆ సంతకం పెట్టిచ్చింది నేను. వేస్తే నా మీద వెయ్యి, వాన్ని కోర్టు మెట్లు ఎక్కియ్యకు."

"ఏ సంతకం?"

"పేరు మార్పిడి అని చెప్పిన గద. గది మార్పిడి కాదు. నీకేం వద్దు, అంత అన్నకే అని నువ్వు రాసిచ్చినట్టు. చేను ఎన్నడో అమ్మినం. యూనిట్ల గా మిషన్లు గట్లనే వచ్చినయి."

మాటలు వినబడుతున్నాయి, బుర్రకెక్కడం లేదు. ఎందుకో మరి, ముందుగా నోట్లోంచి వచ్చింది పప్పు సంగతే.

"మరి ఏటేటా పంపే కందిపప్పు?"

"తాండూరు మార్కెట్ల కొని పంపిన" అన్నాడు నేలచూపులు చూస్తూ.

అప్పుడు వచ్చింది కోపం. మోసం చేస్తే చేశారు, పైగా కొన్న పప్పు సంచి కట్టి ప్రతి ఏడూ నాకు మురిపెంగా తినిపించారు! బల్ల మీది అట్టపెట్టె తెచ్చి ఆయన ముందు పడేశాను.

"నిన్న నేను చెప్పిన కేసు గిది. కంప్యూటర్ సామాను పెట్టే డబ్బా."

నాయిన దాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు.

"జాగ కొలిచిన్నంటివి?"

"గీ బల్ల మీది జాగ."

"హైదరాబాదాయన?"

"కంప్యూటర్ల దుకాణమాయన."

ఇప్పుడు సిగ్గుపడతాడు, ఏడుస్తాడు, ఏదో ఒకటి అంటాడు అనుకున్నాను. నాయిన పెద్దగా ఊపిరి వదిలి, తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు.

"అంటే కోర్టు గీర్టు ఏం లేదన్నట్టు?"

"లేదు."

"జర చాయ్ పెట్టు బిడ్డా" అన్నాడు.

చేను పోయిందన్నప్పుడు కూడా నేనంత నివ్వెరపోలేదు. పెట్టాను కూడా, చేతులు వాటంతటవే పెట్టాయి. సాసర్‌లో పోసుకుని, ఊదుకుంటూ తీరిగ్గా తాగాడు. నేను నోరు జారిన్నని మీ అన్నకు చెప్పకు, వాడు పరేషాన్ అయితడు అన్నాడు. ఇంత ఇరుకు గదిలో ఎట్లుంటున్నారని నా మీద జాలి కూడా పడ్డాడు.

గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంటుంటే అడిగాను.

"నాయినా, నేనిప్పుడు నిజంగనే కేసు వేస్తే?"

ఆయన నవ్వాడు. దొంగనవ్వు కాదు, మనసారా నవ్వాడు.

"నువ్వెందుకు వేస్తవు? నువ్వు నా బిడ్డవు గద" అని నా తల నిమిరి బస్టాండుకు వెళ్లిపోయాడు.

కేసు వేశాననుకున్నంతసేపే ఆయన నాకు భయపడ్డాడు. వేయలేదని తెలియగానే, చూపించిన చోట సంతకం పెట్టే పిల్లనైపోయాను. ఆ చెయ్యి తల మీద ఇంకా ఉన్నట్టే అనిపించి, పొయ్యి ముట్టించబుద్ధి కాక, అట్టపెట్టెలన్నీ చించి బయట పడేసి కూర్చున్నాను.

సాయంత్రం మా ఆయన వచ్చాడు. బల్ల ఖాళీగా కనిపించేసరికి నవ్వాడు.

"ఏంది, ఆఖరికి కేసు తేల్చుకున్నవా?"

"తేల్చుకున్న" అన్నాను. "పొద్దున మంచి వకీలు దగ్గరికి పోదాం."