మా ఫ్యాక్టరీ పాట

రాక్ సంగీతం అమెరికా గుండె చప్పుడని ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

డెబ్బైల చివర, న్యూజెర్సీలో నాన్న కెమిస్ట్‌గా పనిచేసిన రంగుల ఫ్యాక్టరీ మూతపడింది. నేనప్పుడు హైస్కూల్లో ఉన్నాను. పక్క ఊరి రాక్ గాయకుడొకడు ఆ రోజుల్లో బార్లలో పాడుకునేవాడు. తాళం పడ్డ ఫ్యాక్టరీ గేటు ముందు లంచ్ బాక్స్‌తో నిలబడిపోయిన మనిషి మీద పాట కట్టాడు. అది కారు రేడియోలో వచ్చినప్పుడు, కర్ణాటక సంగీతం తప్ప మరొకటి చెవిన పెట్టని నాన్న స్టీరింగ్ మీద తాళం వేశాడు.

"ఇది మా ఫ్యాక్టరీ పాటేనమ్మా!" అన్నాడు. ఉద్యోగం పోయాక ఆయన నవ్వడం అదే మొదలు. ఆ గాయకుడంటే నాకు ప్రాణమైంది.

ఎనభైలొచ్చాయి. అతను జుట్టు కత్తిరించుకుని, వేదిక వెనక ఇంటంత జెండా కట్టించాడు. అదే పాటని పికప్ ట్రక్కుల ప్రకటనకి అమ్ముకున్నాడు. దేశమూ అంతే, మూతపడ్డ ఫ్యాక్టరీల ఊసెత్తకుండా రొమ్ము విరుచుకుని తిరిగింది. తద్దినం మంత్రాలకి పెళ్ళి బాజాలు! అయినా ఆ పాటని నాన్న ప్రత్యక్షంగా వినాలని నా పట్టుదల. స్టేడియంకి తీసుకెళ్ళాను.

పాట మొదలవగానే జనమంతా లేచి, పిడికిళ్ళు ఊపుతూ దేశం పేరు అరవసాగారు. నాన్న లేవలేదు. కచేరీలో కదలకుండా కూర్చుని వినడమే మర్యాదన్నది ఆయన పెరిగిన పద్ధతి. కళ్ళు మూసుకుని తొడ మీద తాళం వేస్తున్నాడు.

వెనక వరసలోని మనిషి ఆయన భుజం పట్టుకుని కుదిపాడు.

"లేచి నిలబడు. లేదంటే మీ దేశానికి పో," అన్నాడు ఇంగ్లీషులో.

నేను వెనక్కి తిరిగి నోటికొచ్చినట్టు తిట్టాను. ఆ హోరులో ఏమీ వినపడలేదు. వేదిక మీదున్నవాడు ఇకిలిస్తూ జనం చేత ఇంకా గట్టిగా అరిపిస్తున్నాడు. గేటు ముందు నిలబడ్డ మనిషిని వాడెప్పుడో అమ్మేసుకున్నాడు. వాడి మీద వచ్చినంత కోపం నాకు ఆ వెనక మనిషి మీద కూడా రాలేదు.

నాన్న లేచి, "సారీ సర్," అన్నాడు. చేతులు రెండూ పక్కలకి ఆనించి అటెన్షన్‌లో నిలబడ్డాడు.

"సారీ ఎందుకు నాన్నా? నువ్వు కూర్చో!"

"వద్దమ్మా, గొడవ చెయ్యకు. వాళ్ళ పాట కదా, రెస్పెక్ట్ ఇవ్వాలి."

నేను కూర్చున్నాను. పాట అయ్యేదాకా లేవలేదు.