తేదీ లేని గోడ

మేస్త్రి మామ పోయినాడన్న కబురు నాకు జమ్మలమడుగులో పత్తి కాటా దగ్గర తెలిసింది. ప్రొద్దుటూరు నుంచి బోరాలు తెచ్చిన బండాయన ఎడ్లను విప్పుతూ, ఎండ గురించి మాట్లాడినంత తేలిగ్గా చెప్పాడు.

"మీ మేస్త్రి పోయినాడు గదప్పా. నిన్న పొద్దుగూకకముందే మట్టి చేసినారు."

"ఏమైంది?"

"నాలుగు దినాలు చలిజ్వరమంట. ఏం జ్వరమో ఎవరు సూసినారు? ఆ జబ్బు ఇప్పుడు ల్యాదు పొమ్మన్నారంట ఆస్పత్రిలో."

ఆ దినం పేపరు కాటా బల్ల మీదే ఉంది. రెండో పేజీలో ఒక చిన్న వార్త. దేశాలన్నీ కూడిన ఒక సభలో, సముద్రాల అవతల, మన మలేరియా పని గురించి చెప్పుకుని చప్పట్లు కొట్టారట. మనవాళ్లెవరో లేచి నమస్కారం పెట్టారట. పేపరు మడిచి తూకం రాళ్ల కింద పెట్టాను. మిగిలిన బోరాలు తూచి రాసుకున్నాను. సాయంత్రం దాకా నోట్లో చేదు పోలేదు. ఇది రాస్తున్నప్పుడూ పోలేదు.

మేస్త్రి మామ ఎవరో మీకు తెలియదు. ఆయన ఫొటో ఏ పేపర్లోనూ పడలేదు. ప్రొద్దుటూరులో రేకు పని చేసుకునే మనిషి. కిరసనాయిలు డబ్బాలు కోసి బుడ్లు, గరాటాలు, కొలపాత్రలు చేసేవాడు. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో మలేరియా మందు కొట్టే దండు మా వైపు వచ్చినప్పుడు, పంపులు పదే పదే చెడిపోతుంటే ఆయన అంగడికి తెచ్చారు. లోపల తోలు వాషరు అరిగిపోయింది. కొత్తది మద్రాసు నుంచి రావాలన్నారు. ఈయన పాత చెప్పు అట్ట కోసి, ఆముదంలో నానబెట్టి వేశాడు. ఆ పంపు మూడేళ్లు పని చేసింది. అట్లా రిపేరుకు వెళ్లినవాడు దండుకే మేస్త్రి అయ్యాడు. నేను అదే దండులో ఇండ్ల రిజిస్టరు రాసేవాణ్ని. అయిదో తరగతితో బడి మానినవాణ్ని, కాగితాలు చూసి చూసి రాత నేర్చుకున్నవాణ్ని. మాటలు నాకు రావు. మాటలన్నీ ఆయనవే.

మందు పొడి అమెరికా నుంచి పెద్ద డ్రమ్ముల్లో వచ్చేది. డ్రమ్ముల మీద రెండు చేతులు కలుపుకున్న బొమ్మ. మొదటిసారి చూసినప్పుడు ఆయన చాలాసేపు దాని వైపే చూసి, "చేతులు కలిసినాయి, శానా సంతోషం. పంపు పట్టుకునే చెయ్యి యాడుందప్పా దీంట్లో?" అన్నాడు. ఆ మాటకు దండంతా నవ్వింది. ఆయన నవ్వకుండా తన చెయ్యి బొమ్మ పక్కన ఆనించి చూపించాడు.

ఆయన ఇంట్లోకి పోయే పద్ధతి వేరు. ముందు గుమ్మం బయట నిలబడి, "అమ్మా, దోమల మందు. కుండలు బయట పెట్టుకోండి, కూడు మూసుకోండి" అని పిలిచేవాడు. ఆడవాళ్లు బయటికి వచ్చేదాకా గడప దాటేవాడు కాదు. కోళ్ల గంపలు తనే మోసి నీడకు చేర్చేవాడు. దేవుడి పటాలు ఇంటివాళ్ల చేతే తీయించేవాడు. "మందు దోమకు, మర్యాద మనిషికి" అని కొత్తగా చేరిన ప్రతివానికీ చెప్పేవాడు. తొందరపడి దేవుడి గూట్లోకి పంపు తిప్పినవాని చేత ఒకసారి ఆ దినమంతా నీళ్లు మోయించాడు.

మందు కొట్టిన ప్రతి ఇంటి గోడ మీద అచ్చు వెయ్యాలి. ఆ అచ్చు రేకు ఆయనే చేశాడు. నేను రేకు మీద పెన్సిలుతో "మందు కొట్టినాము. తేదీ" అని పెద్దగా రాసి ఇస్తే, ఆయన ఉలితో కోశాడు. మన అక్షరాల్లో గుండ్రాలు ఎక్కువ. వాటి మధ్య ముక్కలు ఊడి రాలకుండా సన్నటి రేకు పోగులు వదిలాడు. రాత నాది, కోత ఆయనది. గోడకు రేకు ఆనించి ఎర్రటి జాజు రంగు పులిమితే అక్షరాలు పడేవి. తేదీ మటుకు పుల్లకు గుడ్డ చుట్టి చేత్తో రాసేవాళ్లం. ఆఖరి గోడ తడి ఆరితే తప్ప ఆయన తేదీ వేయనిచ్చేవాడు కాదు. "గోడ అంతట అది అబద్ధం చెప్పదప్పా. మనమే చెప్పియ్యల్ల" అనేవాడు.

మొదటి ఏడు ఉగాదికి ముందు పులివెందుల వైపు పల్లెల్లో మందు కొట్టాం. పండగయ్యాక పంపు సామాను తేవడానికి ఒక పల్లెకు మేమిద్దరం తిరిగి వెళితే, ఆయన ఒక ఇంటి ముందు నిలబడిపోయాడు. గోడలన్నీ ఎర్రమన్నుతో అలికి, పైన సున్నపు పట్టెలు వేసి ఉన్నాయి. మా అచ్చు లేదు. పక్క ఇంట్లోనూ లేదు. ఆ ఇంటి అవ్వ వాకిట్లో కూర్చుని మనవరాలి తల దువ్వుతోంది.

"ఏందవ్వా, మా రాతలు మింగేస్తివే?" అన్నాడు.

"పండగకు అలకకుండా ఎట్ల నాయనా? ఆ తెల్లపొడితో గోడలు బూజు పట్టినట్టుండె. లక్ష్మి వస్తాదా ఆ కంపుకు?"

"లక్ష్మి రాకపోయినా దోమ వస్తాదవ్వా."

"వచ్చేదానికి దోమేం సుట్టమా, నీళ్లియ్యను!" అంది అవ్వ. ముగ్గురం నవ్వాం.

తిరిగి వచ్చే దారిలో ఆయన ప్రతి ఇంటి గోడా చూసుకుంటూ నడిచాడు. మందు గోడ మీద నెలల తరబడి నిలవాలి, దోమ వచ్చి వాలి చావాలి. అలికితే అది మన్ను కింద పడి పూడినట్టే. అవ్వ తప్పు చేయలేదు. ఇల్లు శుభ్రంగా ఉంచుకుంది. మందు కొట్టడానికి తేదీ పెట్టినవాళ్లకే ఉగాది ఎప్పుడొస్తుందో తెలియలేదు.

మరుసటి ఏడు ఆయన ఆఫీసుకు వెళ్లి అడిగాడు. పక్కన నేనున్నాను.

"సార్, పండగ పోయినాక పది దినాలకు మొదలుపెడదాం. ఇప్పుడు కొడితే మన్నుపాలు."

ఆఫీసరు తల ఎత్తలేదు. "మార్చి ఆఖరుకు లెక్క పైకి పోవాలి. ఇక్కణ్నించి ఢిల్లీకి, ఢిల్లీ నుంచి బయటి దేశాలకు. నీ పండగ కోసం దేశాలు ఆగుతాయా?"

"దేశాలు ఆగవు సార్. దోమ గూడా ఆగదు."

"రేకులు కోసుకునేవాడివి, నీకెందుకు ఈ లెక్కలు?"

పండగకు ముందే కొట్టాం. పండగకు అందరూ అలికారు. రిజిస్టరులో మాత్రం ఆ పల్లె నూటికి నూరు. అది నేనే రాశాను. వానలు పడ్డాక వంక ఒడ్డు ఇండ్లలో చలిజ్వరాలు మొదలయ్యాయి.

ఆ సమయంలోనే బయటి దేశాల నుంచి పెద్దలు మా పని చూడ్డానికి వస్తున్నారని తెలిసింది. ముందు రోజు ఆఫీసరు ఆ పల్లెకే జీపులో వచ్చాడు. రోడ్డుకు దగ్గరని ఆ పల్లెను ఎంచారు. గోడల మీద అచ్చు లేకపోతే పరువు పోతుందన్నాడు. కొట్టడానికి మందు లేదు, అచ్చు మటుకు వెయ్యమన్నాడు. పోయిన నెల తేదీ రాయమన్నాడు.

మేస్త్రి మామ రేకును తుండుగుడ్డలో చుట్టి చంకలో పెట్టుకున్నాడు.

"మందు తెప్పియ్యండి సార్. రాత్రంతా కొడతా. తెల్లారేసరికి తేదీ వేస్తా."

"ఆ రేకు ఇటివ్వు. అది సర్కారుది."

"డబ్బా నా అంగడిది సార్. అక్షరాలు ఈయప్పవి." నన్ను చూపించాడు. "ఆయన్ను అడుక్కోండి."

నేను తల వంచుకున్నాను. ఆయన రేకుతోనే వేముల రోడ్డు మీదికి నడిచాడు. పని పోయిందని ఆయనకూ తెలుసు, మాకూ తెలుసు. ఇంట్లో ఆరుగురు తినేవాళ్లు. ఆఫీసరు నా వైపు తిరిగి, "నువ్వు చేత్తో రాయి" అన్నాడు. రాశాను. సాయంత్రం దాకా ఒక్కో గోడా రాశాను. నా దస్తూరి బాగుందని మెచ్చుకున్నాడు కూడా.

మర్నాడు వచ్చినవాళ్లకు పూలదండలు వేశారు. వాళ్లు గోడల మీద నా రాత చూసి తలలాడించారు, ఫొటోలు తీసుకున్నారు, మజ్జిగ తాగారు. అవ్వ ఇంటి ముందు ఆగినప్పుడు లోపల గొంగడి కింద మనవరాలు వణుకుతోంది. అవ్వ నా మోచెయ్యి పట్టుకుంది.

"నాయనా, ఆ దొరకు చెప్పు. మీరు కొట్టినారు, నేనే అలికినా. తప్పు నాదే. ఇంకొక తూరి కొట్టమను. పిల్లకు దినం మార్చి దినం వస్తాంది."

అవ్వ ఏమంటోందని ఆ దొర అడిగినట్టున్నాడు. ఆఫీసరు ఇంగ్లీషులో జవాబిచ్చాడు. దొర అవ్వకు చేతులు జోడించాడు. ఏం చెప్పారని తర్వాత జీపు డ్రైవరు అడిగితే, "ముసలామె దీవిస్తోందని చెప్పా" అని ఆఫీసరు నవ్వాడు. రిజిస్టరు నా చేతిలోనే ఉంది. నాకు ఇంగ్లీషు రాదు. తెలుగు వచ్చు కదా, నేను అదీ మాట్లాడలేదు.

ఆ పిల్ల దీపావళి చూడలేదు.

నేను ప్రొద్దుటూరు వెళ్లి మేస్త్రి మామకు చెప్పాను. ఆయన గరాటాకు టంకం పెడుతున్నాడు. టంకం కడ్డీ నిప్పుల్లో పెట్టి ఒకటే అడిగాడు.

"ఏ తేదీ రాస్తివప్పా?"

చెప్పాను. ఆయన తల ఊపి మళ్లీ టంకం పెట్టుకున్నాడు. ఆ తర్వాత ఇన్నేళ్లలో ఆ మాట మళ్లీ ఎత్తలేదు. తిట్టి ఉంటే బాగుండేదని నేను చాలాసార్లు అనుకున్నాను. నెలకే నేనూ ఆ పని మాని పత్తి కాటా దగ్గర కుదిరాను. దానివల్ల ఎవరికీ ఒరిగిందేమీ లేదు.

ప్రొద్దుటూరు వెళ్లినప్పుడల్లా ఆయన అంగట్లో కూర్చునేవాణ్ని. ఆయనకు పేపరు చదివి వినిపించాలి. ముందుగా బయటి దేశాల వార్తలే చదవమనేవాడు. మలేరియాను లేకుండా చేయాలని దేశాలన్నీ ఒప్పందం చేసుకున్నాయని చదివితే, "ఒప్పుకునేదానికేంది, ఆడ చలిజ్వరం ల్యాదు గదా" అనేవాడు. మందుల వ్యాపారం పెరిగిందని చదివితే, "అమ్మినోనికి లాభం, పంచినోనికి పేరు, కొట్టినోనికి దగ్గు" అని తన దగ్గు తనే దగ్గి చూపించేవాడు. మనిషిగా పుట్టిన ప్రతివానికీ హక్కులున్నాయని దేశాలన్నీ రాసుకున్నాయని ఒకసారి చదివాను. అప్పుడు మాత్రం ఎగతాళి చేయలేదు. "ఎవురు రాసినారో గానీ మంచిగా రాసినారు. అవ్వకు ఎవురన్నా చదివి చెప్పినారా?" అన్నాడు.

ఆఫీసరుకు పెద్ద ఉద్యోగం వచ్చిందని, సన్మానం జరిగిందని కూడా నేనే చదివి వినిపించాను. మామ ఆ కాగితం అడిగి తీసుకుని, టంకం కారిన చోట తుడిచి పారేశాడు.

కబురు విన్న మర్నాడు ప్రొద్దుటూరు వెళ్లాను. ఆయన భార్య గుమ్మం దగ్గర కూర్చుని ఉంది. "నీ పేపర్ల కోసం సూస్తాండె, పోయేముందు మూడు దినాలు" అంది. లోపలికి రమ్మంది. ఆయన పడుకునే నులక మంచం పడమటి కిటికీ ఎదుటి గోడకు వేసి ఉంది. ఆ కిటికీకి తలుపు లేదు. ఎండ రాకుండా ఒక రేకు మేకులు కొట్టి బిగించాడు. అది ఆ అచ్చు రేకే. ఇన్నేళ్లూ ఆయన దాన్ని ఇంకే పనికీ కోయలేదు.

పొద్దు వాలుతోంది. రేకు సందుల్లోంచి ఎండ దూరి మంచం పైన గోడ మీద పడింది. నా రాత, ఆయన కోత. "మందు కొట్టినాము. తేదీ" అని ఎర్రటి ఎండలో కనబడింది. తేదీ పక్కన ఖాళీ గోడ. ఆయన భార్య ఏదో చెబుతూనే ఉంది. నేను చూస్తుండగానే ఆ అక్షరాలు కొద్దికొద్దిగా పైకి జరిగి, మసకబారి, గోడ మీది చీకట్లో కలిసిపోయాయి.